మీకు తెలుసా? కొండ ఉసిరికలోని పోషకబలము

కార్తికమాసమున గోదావరీతీర గ్రామములవారు వనభోజనములకై ఏ చెట్టు నీడను వెదకుకొందురో, రంపచోడవరము, మారేడుమిల్లి కొండలయందలి కొండరెడ్లును కోయలును ఏ చెట్టు కాయలను తరతరములుగా ఏరుకొనుచున్నారో, ఆ ఉసిరిక ‘సి’ విటమినునందు మన ఫలములలో అగ్రగణ్యమైనది. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలను బట్టి, 100 గ్రాముల ఉసిరికలో ఆ విటమిను సుమారు 250 మిల్లీగ్రాములు కలదు. నారింజలో 50 మిల్లీగ్రాములైనను లేదు.

అంతకంటెను విశేషమేమనగా, ఆకుకూరలను వండునప్పుడు చాలవరకు నశించు ఈ విటమిను, ఉసిరికయందలి పులుపువలనను, వగరునిచ్చు టానినులవలనను కొంత రక్షింపబడి, ఎండబెట్టిన ముక్కలలో సైతము చెప్పుకోదగినంత మిగిలియుండును. 1940 ప్రాంతమున, నేటి హర్యానాలోని హిస్సారులో వచ్చిన క్షామమున, ఈ విటమిను లోపమువలన చిగుళ్లనుండి నెత్తురు కారు స్కర్వీ వ్యాధి ప్రబలగా, దానిని మాన్పుటకు ఉసిరికనే వాడిరి. మందుల అంగడికి పోనక్కరలేని ఈ బలమును మన ఇండ్లలో ఊరగాయ జాడీకే పరిమితము చేయుట తగదు.

అడవికాయ చిన్నదైనను చులకన చేయక, సంతకు వచ్చినన్నాళ్లు పిల్లలకు దినమునకు రెండు మూడు పచ్చికాయలు ఉప్పద్ది పెట్టుడు.