ఆటలు మైదానంలో, రద్దీ విమానాశ్రయంలో

హైదరాబాదులో అమీర్‌పేట, పంజాగుట్ట పక్కపక్కనే ఉంటాయి. వాటికి దగ్గరలోనే బేగంపేట. బేగంపేటలో ఒక విమానాశ్రయం ఉంది. అది నిజాం కాలం నాటిది. 2008 మార్చి దాకా హైదరాబాదు వచ్చే ప్రయాణికుల విమానాలు అక్కడే దిగేవి. పంజాగుట్ట నుంచి ఆటో ఎక్కితే మూడు నాలుగు కిలోమీటర్లే. విమానం కిందికి దిగుతుంటే పిల్లలు మేడలెక్కి చూసేవాళ్ళు.

ఊళ్ళో జాతర జరిగితే బస్‌స్టాండు కిటకిటలాడుతుంది. అప్పుడు ఆర్టీసీ వాళ్ళు ఎక్కువ బస్సులు వేస్తారు. స్టాండులో చోటు లేకపోతే బస్సును రోడ్డు పక్కన ఆపుతారు. విమానాల సంగతి అట్లా కాదు. విమానం దిగాలంటే రన్‌వే కావాలి. ఆగాలంటే చోటు కావాలి. అందుకే ఏ నగరంలో పెద్ద ఆటల పోటీలు జరిగినా, ఆ తాకిడి ముందుగా విమానాశ్రయానికే తగులుతుంది.

2003లో వచ్చిన అతిథులు

2002 డిసెంబరులో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగాయి. వాటి కోసం గచ్చిబౌలిలో పెద్ద స్టేడియం కట్టారు. మరుసటి ఏడాది ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగాయి. 2003 అక్టోబరు 24న మొదలై నవంబరు 1న ముగిశాయి. ఆసియా, ఆఫ్రికా ఖండాల నుంచి 96 దేశాలు పాల్గొన్నాయి. మళ్ళీ 2007 అక్టోబరులో ప్రపంచ సైనిక క్రీడలు జరిగాయి. సుమారు వంద దేశాల సైనికులు ఆడడానికి వచ్చారు.

ఈ మూడు సార్లూ నగరానికి ఉన్న ప్రయాణికుల విమానాశ్రయం బేగంపేట ఒక్కటే. గచ్చిబౌలి నగరానికి పడమర కొసన ఉంది. బేగంపేట నుంచి అక్కడికి పోవాలంటే పంజాగుట్ట, అమీర్‌పేట వైపు నుంచే దారి.

బయటి దేశం వాళ్ళు దిగితే ఊరికే పంపించరు. పాస్‌పోర్టు, వీసా చూడాలి. ఆఫ్రికాలో కొన్ని దేశాల నుంచి వచ్చేవాళ్ళ దగ్గర ఎల్లో ఫీవర్ టీకా కార్డు ఉండాలి. అదీ చూడాలి. తుపాకీ గురి పోటీల ఆటగాళ్ళు తుపాకులు తెచ్చుకుంటారు. వాటికి అనుమతి కాగితాలు ఉన్నాయా లేదా చూడాలి. కర్రతో ఎత్తు దూకే ఆటగాడి కర్ర మనిషికి రెండింతల కన్నా పొడవు ఉంటుంది. దాన్ని అన్ని విమానాల్లో పెట్టలేరు. ఇట్లా ఒక్కొక్క మనిషికి పట్టే సమయం పెరుగుతుంది. వెనుక వరుస కూడా పెరుగుతుంది.

ఒకే రన్‌వే, ఒక్కటొక్కటిగా

ఒక లెక్క చూద్దాం. రన్‌వే మీద ఒక విమానం దిగి పక్కకు తప్పుకున్నాకే ఇంకొకటి దిగాలి. ఒక్కోదానికి రెండు నిమిషాలు పడుతుందనుకుందాం. అప్పుడు గంటకు 30 విమానాలే. ముప్పై ఒకటోది వస్తే ఆకాశంలోనే గుండ్రంగా తిరుగుతూ ఆగాలి. లేకపోతే వేరే ఊరికి మళ్ళాలి.

అందుకే ఏ విమానం ఏ సమయానికి దిగాలో, ఏ సమయానికి లేవాలో ముందే రాసి ఇస్తారు. దీన్ని స్లాట్ అంటారు. పెద్ద మ్యాచ్ ఉన్నప్పుడు స్లాట్ల కోసం పోటీ ఎక్కువ. మామూలు విమానాలకు తోడు సొంత విమానాలు, అద్దె విమానాలు కూడా వస్తాయి.

దిగిన విమానానికి నిలిచే చోటు కూడా కావాలి. 2023 నవంబరు 19న అహ్మదాబాదులో ప్రపంచ కప్పు క్రికెట్ ఫైనల్ జరిగింది. చాలా సొంత విమానాలు వచ్చాయి. అక్కడ అన్నిటికీ చోటు చాలదు. మనుషులను దించి, విమానం పక్క ఊరికి పోయి నిలబడాలి. ఆ రోజే వాయుసేన విమానాలు స్టేడియం మీద విన్యాసాలు చేశాయి. అందుకోసం 45 నిమిషాల పాటు మామూలు విమానాల రాకపోకలు ఆపారు. ఆటతో సంబంధం లేని ప్రయాణికులు కూడా ఆగాల్సి వచ్చింది.

వచ్చే రోజు కన్నా పోయే రోజు కష్టం

ఆటలకు వచ్చేవాళ్ళు ఒకే రోజు రారు. కొందరు పది రోజుల ముందు వస్తారు, కొందరు రెండు రోజుల ముందు వస్తారు. పోయేటప్పుడు మాత్రం అందరికీ ఒకే రోజు కావాలి. ఆటలు ముగిసిన మరునాడు అందరూ పెట్టెలు సర్దుతారు.

2012లో లండన్‌లో ఒలింపిక్స్ జరిగాయి. ఆగస్టు 12న ముగిశాయి. మరునాడు వచ్చే రద్దీని అధికారులు ముందే ఊహించారు. హీత్రూ విమానాశ్రయంలో సిబ్బంది కార్లు నిలిపే చోట ఆటగాళ్ళ కోసం తాత్కాలికంగా ఒక టెర్మినల్ కట్టారు. కొన్ని రోజులు వాడి తీసేశారు. పెళ్ళికి పందిరి వేసి తీసినట్టే.

2022లో ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జరిగింది. అక్కడ కొత్త విమానాశ్రయం వచ్చాక 2014లో దోహా పాత విమానాశ్రయాన్ని ప్రయాణికులకు మూసేశారు. ప్రపంచ కప్పు రద్దీ కోసం దాన్ని మళ్ళీ తెరిచారు. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ళు చాలా మంది ఈ రెండు విమానాశ్రయాలనూ చూసినవాళ్ళే.

విమానాశ్రయం దూరమైంది

బేగంపేట చుట్టూ ఇళ్ళు, రోడ్లు పెరిగాయి. విమానాశ్రయాన్ని పెద్దది చేయడానికి చోటు లేదు. 2008 మార్చిలో శంషాబాదులో కొత్త విమానాశ్రయం మొదలైంది. అక్కడి రన్‌వే పొడవు నాలుగు కిలోమీటర్ల పైనే. ఇప్పుడు బేగంపేటలో మామూలు ప్రయాణికుల విమానాలు దిగవు. పెద్ద నాయకుల విమానాలు, వాయుసేన విమానాలు దిగుతాయి.

చప్పుడు తగ్గింది గానీ దూరం పెరిగింది. పంజాగుట్ట నుంచి శంషాబాదు సుమారు 30 కిలోమీటర్లు. 2009 అక్టోబరులో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే తెరిచాక ప్రయాణం కొంత తేలికైంది. అయినా పంజాగుట్ట చౌరస్తా దాటి ఆ దారి ఎక్కేదాకా ట్రాఫిక్ తప్పదు.

2019 మే 12న ఐపీఎల్ ఫైనల్ ఉప్పల్ స్టేడియంలో జరిగింది. అది మొదట చెన్నైలో జరగాల్సింది. మూడు వారాల ముందే హైదరాబాదుకు మార్చారు. ఆడిన జట్లు ముంబై, చెన్నై. రెండూ బయటి ఊళ్ళవే. ఇట్లా చివరలో చోటు మారితే, విమానం టికెట్లకు ఒక్కసారిగా గిరాకీ వస్తుంది.

గిరాకీ వస్తే ధర ఎందుకు పెరుగుతుంది? విమానంలో సీట్లన్నీ ఒకే ధరకు అమ్మరు. తక్కువ ధర సీట్లు ముందు అమ్ముడుపోతాయి. అవి అయిపోతే మిగిలినవి ఎక్కువ ధరకు అమ్ముతారు. ఆ రోజు చావుకో, ఆసుపత్రికో పోయేవాళ్ళు కూడా అదే ధర పెట్టాలి.

మంచి కూడా ఉంది. హోటళ్ళకు, క్యాబు, ఆటోలకు పని దొరుకుతుంది. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే ఉప్పల్ స్టేడియం దాకా రైలు మారకుండా పోవచ్చు. మెట్రోలో పోయినవాళ్ళు ఎంతమందో రోడ్డు మీద అంత రద్దీ తగ్గినట్టే. పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉంది. అక్కడికి వచ్చే అంబులెన్సుకు ఆ దారి ప్రాణంతో సమానం. ఆటగాళ్ళ బస్సు పోతున్నా సరే, అంబులెన్సుకు ముందు దారి ఇవ్వాలి.

టికెట్ చదవడం నేర్చుకోవాలి

జగిత్యాల వైపు నుంచి దుబాయి పోయే ఒక కూలీ, ముందు రోజు అమీర్‌పేటలో బావమరిది గదిలో దిగాడనుకుందాం. టికెట్ మీద “13వ తేదీ, 00:40” అని ఉంది.

“బావా, ప్రయాణం పదమూడున గదా. పదమూడో తారీఖు రాత్రి పోదాం” అంటాడు బావమరిది.

“కాదురా. సున్నా సున్నా అంటే అర్ధరాత్రి పన్నెండు. పన్నెండో తారీఖు రాత్రే పోవాలి” అంటాడు బావ.

బావ చెప్పిందే నిజం. విమానం టికెట్లలో గంటలు 00 నుంచి 23 దాకా రాస్తారు. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుంది. పొరబడితే విమానం పోతుంది. వీసా కోసం చేసిన అప్పు మాత్రం మిగులుతుంది.

పన్నెండో తారీఖు రాత్రి ఊళ్ళో పెద్ద మ్యాచ్ కూడా ఉందనుకోండి. అప్పుడు ఇంకా జాగ్రత్త పడాలి. బయటి దేశం పోయేవాళ్ళు మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి. మ్యాచ్ రోజు ఇంకో గంట ముందే బయలుదేరడం మేలు. సామాను తీసుకునే కౌంటరును సాధారణంగా విమానం లేవడానికి గంట ముందే మూసేస్తారు. విమానం ఆలస్యమైందేమో అని ఫోను చేసి అడగాలి. ఆలస్యమని ఎవరో చెప్తే నమ్మి ఇంట్లో కూర్చోకూడదు.

ఆటలు అందరివీ. విమానాశ్రయం కూడా అందరిదీ. ఆట చూడబోయేవాళ్ళకు అది పండుగ దారి. పొట్ట చేత పట్టుకుని పోయేవాళ్ళకు అది బతుకు దారి.

చర్చించండి

1. టికెట్ మీద 8వ తేదీ 00:15 అని ఉంటే ఏ రోజు రాత్రి ఇల్లు కదలాలి?
2. ఒక్కో విమానానికి మూడు నిమిషాలు పడితే, గంటలో ఎన్ని విమానాలు దిగుతాయి?
3. మీ ఊళ్ళో జాతర రోజు బస్సుల రద్దీ తగ్గించడానికి ఏం చేయవచ్చు?