‘ఐ యామ్ కంప్లీటెడ్’ అంటున్నారా? ఇంట్లో ఇలా సరిచేయండి



“డాడీ, ఐ యామ్ కంప్లీటెడ్ మై హోంవర్క్!” అంటూ పిల్లలు ఆటకు పరుగెత్తడం కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా మీరు వినే ఉంటారు. ఇక్కడ ‘యామ్’కు బదులు ‘హ్యావ్’ రావాలి.

ఈ తప్పు ఎందుకు వస్తుంది?
తెలుగులో “పూర్తి చేశాను” అంటే చాలు. ‘హ్యావ్’కు సమానమైన సహాయక క్రియ మనకు లేదు. పైగా ‘ఐ’ అనగానే ‘యామ్’ అనడం పిల్లలకు ఎల్‌కేజీ నుంచే అలవాటు.

ఒక్క ప్రశ్న చాలు: “ఆ పని ఎవరు చేశారు?”
• వాక్యం మొదట్లో ఉన్నవారే చేస్తే హ్యావ్ లేదా హ్యాజ్: “మై ఫాదర్ హ్యాజ్ పెయిడ్ ద ఫీజు.” కట్టింది నాన్నే.
• ఇంకొకరు చేస్తే ఈజ్, ఆర్, వాజ్, వర్: “నిజాంసాగర్ డ్యామ్ వాజ్ బిల్ట్ అక్రాస్ ద మంజీరా.” డ్యామ్ తనను తాను కట్టుకోలేదు కదా!

తేడా చిన్నదే, అర్థం మాత్రం తారుమారవుతుంది. “ఐ హ్యావ్ ఇన్వైటెడ్” అంటే నేను పిలిచాను. “ఐ యామ్ ఇన్వైటెడ్” అంటే నన్ను పిలిచారు. పుట్టినరోజుకు టీచర్‌ను పిలిచానని చెప్పబోయి రెండోది అంటే, వినేవారికి అసలు విషయమే అందదు.

రెండు జాగ్రత్తలు
గడిచిపోయిన ఫలానా రోజు, సంవత్సరం చెబితే హ్యావ్, హ్యాజ్ వాడకూడదు. “కామారెడ్డి డిస్ట్రిక్ట్ వాజ్ ఫార్మ్‌డ్ ఇన్ 2016” సరైనది. ‘హ్యాజ్ బీన్ ఫార్మ్‌డ్ ఇన్ 2016’ తప్పు. అలాగే “ఐ కంప్లీటెడ్ ఇట్ యెస్టర్‌డే” అంటే చాలు.

“ఐ యామ్ డన్”, “షీ ఈజ్ గాన్” మాత్రం తప్పులు కావు. అవి ఇప్పుడున్న స్థితిని చెబుతాయి. ఒకప్పుడు ఇంగ్లిష్‌లో వెళ్లడం, రావడం వంటి క్రియలకు ‘ఈజ్’ వాడేవారు. ఫ్రెంచ్, జర్మన్ భాషల్లో నేటికీ అదే పద్ధతి.

ఇంట్లో మీరు చేయగలిగేది
మాట మధ్యలో ఆపి “తప్పు” అనకండి. నలుగురిలో అస్సలు వద్దు. అలా ఆపితే పిల్లలు తప్పులే కాదు, ఇంగ్లిష్ మాట్లాడటమే మానేస్తారు. చెప్పింది పూర్తిగా విని, “ఓహో, యు హ్యావ్ కంప్లీటెడ్ ఇట్? గుడ్!” అనండి. సరైన వాక్యం చెవిన పడుతుంది, చిన్నబుచ్చుకోరు.

మీకు ఇంగ్లిష్ అంతగా రాకపోయినా ఫర్వాలేదు. “ఆ పని ఎవరు చేశారు?” అని తెలుగులోనే అడగండి. జవాబు వాళ్లే వెతుక్కుంటారు.