చేప గుడ్డులో మూడో గంట

అక్వేరియం దుకాణంలో పెద్దగా బేరమాడకుండానే చవగ్గా దొరికే చేపల్లో జీబ్రా చేప ఒకటి. చిటికెన వేలంత ఒళ్లు, దాని మీద తల నుంచి తోక దాకా నీలి చారలు. పేరు వింటే ఆఫ్రికా గుర్తుకొస్తుంది గానీ దీని ఊరు మన దగ్గరే. గంగ, బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతాల్లో నెమ్మదిగా పారే వాగుల్లో, వరిచేల నీళ్లలో తిరుగుతుంది. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. శాస్త్రీయ నామం దానియో రేరియో. అందులోని ‘దానియో’ బెంగాలీ ‘ధాని’ నుంచి వచ్చిందంటారు, అంటే వరిచేను చేప. మన ధాన్యానికి దగ్గరి చుట్టమన్నమాట.

దీన్ని ప్రయోగశాలలో నిలబెట్టినవాడు అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ స్ట్రైసింగర్. 1981లో ఆయన పరిశోధన వెలువడ్డాక జీవశాస్త్రజ్ఞులు ఈ చేప వెంట పడ్డారు. ఇవాళ హైదరాబాద్‌ సీసీఎంబీ పరిశోధన సంస్థలోనూ తొట్టెల్లో పెంచుతున్నారు. అంత మోజుకు కారణం దాని గుడ్డు. ఆవగింజ కన్నా చిన్నది, తల్లి ఒంటి బయటే పెరుగుతుంది, పైగా గాజులా పారదర్శకం. మైక్రోస్కోప్ కింద పెట్టుకుని కూర్చుంటే, ఒక్క కణం చేప రూపు కట్టడం ఒక్క రోజులో కళ్లారా చూడొచ్చు.

మొదట కనిపించేది గుండ్రటి సొన, దాని నెత్తిన బుడిపెలా ఒక కణం. ముప్పావు గంటకు ఆ కణం రెండవుతుంది. అక్కణ్ణుంచి పావుగంటకోసారి నాలుగు, ఎనిమిది, పదహారు. మూడు గంటలయ్యేసరికి సుమారు వెయ్యి కణాలు సొన మీద టోపీ పెట్టినట్టు కూర్చుంటాయి. తర్వాత ఆ టోపీ కిందికి జారుతూ సొన మొత్తాన్ని కప్పేస్తుంది. పదో గంటకు తల ఎటో తోక ఎటో తెలిసిపోతుంది. మర్నాటికి గుండె కొట్టుకుంటూ, తోక ఆడుతూ ఉంటుంది.

ఇంత హడావుడిలో ఒక విచిత్రం ఉంది. మొదటి మూడు గంటలు ఈ పిండం తన జన్యువుల జోలికి దాదాపు పోదు. అవి కణంలోనే ఉంటాయి, విభజన జరిగిన ప్రతిసారీ నకలవుతుంటాయి, కానీ వాటిని చదివేవాళ్లుండరు. మరి పనులెలా జరుగుతున్నాయి? అమ్మ ఇచ్చిన సారెతో.

జన్యువును ఇంట్లో పెట్టెలో భద్రంగా దాచిన దస్తావేజు అనుకుందాం. దాన్ని బయటికి తియ్యరు. కావలసిన భాగాన్ని ఒక చీటీ మీద రాసి పంపుతారు. ఆ చీటీయే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. కణంలోని రైబోజోములు దాన్ని చదివి ప్రోటీన్ తయారుచేస్తాయి, పని జరుగుతుంది. తల్లి చేప గుడ్డు పెట్టక ముందే ఇలాంటి చీటీలు వేల రకాలు రాసి గుడ్డులో సర్దిపెడుతుంది. అత్తారింటికి వెళ్లే కూతురికి అరిసెలు, సున్నుండలు, పసుపు కుంకుమలు కట్టి ఇచ్చినట్టే. కొత్త కాపురంలో పొయ్యి రాజుకునే దాకా సారెతోనే గడుస్తుంది.

అయితే సారె ఎల్లకాలం నిలవుండకూడదు. గుడ్డుకు పనికొచ్చిన చీటీ మెదడు కట్టుకునే కణానికి అడ్డం. మూడో గంట దగ్గర పిండం తన సొంత దస్తావేజు తెరుస్తుంది. సరిగ్గా అప్పుడే అమ్మ చీటీలను చింపడమూ మొదలవుతుంది. పాఠ్యపుస్తకాలు జన్యువులు ‘మేలుకోవడం’ గురించి పేజీలకు పేజీలు రాస్తాయి, చెరిపివేత గురించి ఓ పేరాతో సరిపెడతాయి. నాకైతే అసలు కథ ఆ పేరాలోనే ఉందనిపిస్తుంది. ఎందుకంటే పిండం కొత్తగా రాసుకునే మొట్టమొదటి వాటిలో ఒకటి ప్రోటీన్ కోసం కాదు, చీటీలు చింపడం కోసం.

ఆ చింపే వస్తువు మైక్రో ఆర్‌ఎన్‌ఏ. పొడవు సుమారు 22 అక్షరాలు, అంతే. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలు వేల అక్షరాలుండే చోట ఇదొక చిత్తుకాగితం ముక్క. దీన్ని మొదట పట్టుకున్నది చేపలో కాదు, మట్టిలో బతికే మిల్లీమీటరు పురుగులో. 1993లో విక్టర్ ఆంబ్రోస్, ఆయన సహచరులు ఒక జన్యువు వెంటపడి చూస్తే దాన్నుంచి ప్రోటీన్ ఏదీ రాలేదు, ఈ బుల్లి ఆర్‌ఎన్‌ఏ వచ్చింది. అది గ్యారీ రవ్‌కున్ పరిశోధిస్తున్న మరో జన్యువు చీటీకి అతుక్కుని దాని నోరు మూయిస్తోందని ఇద్దరూ తేల్చారు. పురుగుకున్న వింత అలవాటు కాబోలని లోకం ఊరుకుంది. ఏడేళ్ల తర్వాత, 2000లో, లెట్-7 అనే రెండో మైక్రో ఆర్‌ఎన్‌ఏ దొరికింది. ఈసారి వెతికి చూస్తే అదే అక్షరాలతో జీబ్రా చేపలోనూ ఉంది, మనిషిలోనూ ఉంది. ఇక ఊరుకోవడం కుదరలేదు. ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది.

22 అక్షరాల ముక్క వేల చీటీల్లో తనకు కావలసినదాన్ని ఎలా గుర్తుపడుతుంది? ఆర్‌ఎన్‌ఏలో ఉన్నవి నాలుగే అక్షరాలు: ఏ, యూ, జీ, సీ. ఏకి యూ జోడీ, జీకి సీ జోడీ. లెట్-7నే తీసుకోండి. రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం దాకా జీ-ఏ-జీ-జీ-యూ-ఏ-జీ అని ఉంటుంది. ఏ చీటీ చివరి భాగంలోనైనా దీనికి ఎదురుగా సీ-యూ-సీ-సీ-ఏ-యూ-సీ వస్తే రెండూ గుండీలు పెట్టుకున్నట్టు అతుక్కుంటాయి. ఈ ఏడు అక్షరాలనే శాస్త్రవేత్తలు విత్తనం అంటారు. మిగతావి సరిపోతే మంచిదే, సరిపోకపోయినా పెద్ద పట్టింపు లేదు. ఏడక్షరాల గుర్తు కాబట్టే ఒక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందల రకాల చీటీల మీద పెత్తనం చేయగలదు.

ఇది ఒంటరిగా తిరగదు. పొడవాటి ఆర్‌ఎన్‌ఏ తనలోకి తాను ముడుచుకుని జడపిన్నులా తయారైతే, డైసర్ అనే ఎంజైమ్ దాన్ని కొలిచినట్టు కత్తిరిస్తుంది. ఆ ముక్కను ఆర్గోనాట్ అనే ప్రోటీన్ చేతపట్టుకుని చీటీలు వెతుకుతూ తిరుగుతుంది.

డైసర్ లేకపోతే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు దాదాపు ఉండవు. కాబట్టి డైసర్ తీసేస్తే వీటి పనేమిటో తెలిసిపోవాలి. 2003లో నెదర్లాండ్స్‌లో రోనాల్డ్ ప్లాస్టెర్క్ బృందం జీబ్రా చేపలో ఆ పనే చేసింది. చూస్తే పిల్లలు తొలి రోజులు మామూలుగానే పెరిగాయి, ఆ తర్వాతే ఎదుగుదల ఆగిపోయింది. మోసం ఎక్కడ జరిగిందో మీరు ఊహించే ఉంటారు. సారెలో డైసర్ కూడా ఉంది! పిండానికి సొంత డైసర్ లేకున్నా తల్లి కట్టిచ్చినదానితో నెట్టుకొచ్చింది.

సారెలోంచి కూడా దాన్ని తీసేయాలంటే తల్లికే డైసర్ ఉండకూడదు. అలాంటి చేప పెరిగి పెద్దదై గుడ్లు పెట్టేదాకా బతకదు కదా. దీనికి అమెరికాలో అలెగ్జాండర్ షీయర్ ప్రయోగశాలలో ఆంటోనియో హిరాల్డెజ్, ఆయన సహచరులు వాడిన ఉపాయం ముచ్చటైనది. డైసర్ లేని పిండం నుంచి, ముందు ముందు అండాలు, శుక్రకణాలు అయ్యే బీజకణాలను తీశారు. సొంత బీజకణాలు లేకుండా చేసిన మామూలు పిండంలో వాటిని నాటారు. ఆ చేప ఒళ్లు మామూలుదే, హాయిగా పెరిగింది. పెట్టిన గుడ్లలో మాత్రం డైసర్ చుక్క కూడా లేదు.

2005లో ఆ ఫలితాలు వచ్చాయి. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు లేకపోతే కండరమేదో నరమేదో తేలని కణాల ముద్ద మిగులుతుందని అనుకుంటాం. అలా జరగలేదు. తల తల చోట, తోక తోక చోట వచ్చాయి. కండర కణాలు, నాడీ కణాలు, రక్త కణాలు అన్నీ ఉన్నాయి. చెడింది పోత. టోపీ సొన మీదుగా జారేటప్పుడు కణాల నడక తప్పింది. మెదడులో ద్రవం నిండాల్సిన గదులు ఏర్పడలేదు. గుండె సరిగ్గా కుదరలేదు. మట్టి ఉంది, సారె తిరిగింది గానీ కుమ్మరి చెయ్యి పడలేదు. (ఈ సారె వేరు లెండి, కుమ్మరిసారె.)

తర్వాత వాళ్లు చేసింది చిన్న పని. ఒకే ఒక్క కుటుంబానికి చెందిన మైక్రో ఆర్‌ఎన్‌ఏను, మిర్-430ని, తయారుచేసి ఆ పిండాల్లోకి సూదితో ఎక్కించారు. మెదడు గదులు చాలావరకు సర్దుకున్నాయి. చేపలో వందల రకాల మైక్రో ఆర్‌ఎన్‌ఏలున్నా తొలి రోజున బరువు మోసేది ప్రధానంగా ఈ ఒక్కటే.

మరుసటి ఏడాది, 2006లో, అది చేస్తున్నదేమిటో తేలింది. డైసర్ లేని పిండాల్లో అమ్మ చీటీలు వందల రకాలు పోకుండా అలాగే పేరుకుపోయాయి. మిర్-430 ఎక్కిస్తే అవి తగ్గాయి. పద్ధతి ఇదీ: ప్రతి చీటీ చివర ‘ఏ’ అక్షరాలతో పొడవాటి తోక ఉంటుంది, అదే దాని ఆయుష్షు. మిర్-430 అతుక్కున్న చీటీ తోక అరిగిపోతుంది, ఆ వెంటే చీటీ నశిస్తుంది. 2012లో ఇంకాస్త దగ్గర్నుంచి చూస్తే దానికీ ఒక వరస ఉందని తెలిసింది. నాలుగో గంట ప్రాంతంలో చీటీ ఉంటుంది గానీ రైబోజోములు దాన్ని చదవడం తగ్గించేస్తాయి. ఆరో గంటకల్లా చీటీయే పోతుంది. ముందు నోరు మూయించడం, తర్వాత చింపడం.

అమ్మ చీటీలన్నీ దీని చేతిలోనే పోతాయనుకోకండి. కొన్నింటిని చింపే సరంజామాను కూడా తల్లే సారెలో పెట్టి పంపుతుంది. అయినా ఈ పనిలో మిర్-430 వాటా పెద్దది. అందుకు తగ్గ ఏర్పాటూ ఉంది. జీబ్రా చేప నాలుగో క్రోమోజోములో దీని ప్రతులు ఒకటీ రెండూ కాదు, పదుల సంఖ్యలో పక్కపక్కనే బారులు తీరి ఉన్నాయి. పావుగంటకో విభజన జరిగే కణంలో పొడవాటి జన్యువును చదివే తీరిక ఉండదు. పొట్టి ముక్కను అనేక చోట్ల ఒకేసారి చదివితే తక్కువ సేపట్లో ఎక్కువ సరుకు వస్తుంది. రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే ఆ వేళకి కణకేంద్రంలో రెండు చుక్కలు వెలుగుతూ కనిపిస్తాయి, తల్లి క్రోమోజోము మీద ఒకటి, తండ్రి క్రోమోజోము మీద ఒకటి. పిండం సొంత పొయ్యి రాజేసుకున్న తొలి చోట్లలో ఇదొకటి.

మిర్-430 పని పాత చీటీలతోనే ఆగదు, పిండం కొత్తగా రాసుకున్నవాటి మీదా దాని చెయ్యి ఉంది. స్క్వింట్ అనే ప్రోటీన్ కణాలకు ‘నువ్వు ఫలానా పొర అవ్వు’ అని చెబుతుంది. లెఫ్టీ అనేది ఆ మాటకు అడ్డుపడుతుంది. మిర్-430 ఈ రెంటినీ తగ్గిస్తుంది. పులుపూ కారమూ రెండూ తగ్గించేదానికి వంటలో పనేమిటనిపిస్తుంది. కానీ 2007లో దాని పట్టు నుంచి ఒక్కోదాన్నే తప్పించి చూస్తే, స్క్వింట్ పైచేయి అయినప్పుడు ఒకలా, లెఫ్టీ పైచేయి అయినప్పుడు ఇంకోలా పొరల లెక్క మారింది. రెండింటినీ అదుపులో ఉంచితేనే పాళ్లు కుదురుతున్నాయి.

నానోస్ అనే చీటీ సంగతి మరింత ఆసక్తికరం. దాన్ని కూడా తల్లే పెట్టి పంపుతుంది, దాని మీద మిర్-430 గుర్తు ఉంది. ఒంటి కణాలన్నింటిలో అది చెరిగిపోతుంది. గుప్పెడు బీజకణాల్లో మాత్రం చెరగదు. వాటిలో మిర్-430 లేదా అంటే ఉంది. చీటీ ఒకటే, చింపే చెయ్యీ ఒకటే, ఒక కణంలో పోతోంది, పక్క కణంలో నిలుస్తోంది. బీజకణాల్లో డెడ్ ఎండ్ అనే ప్రోటీన్ ముందే వచ్చి ఆ చీటీని కప్పి కూర్చుంటుందని 2007లో తెలిసింది. మిర్-430కి గుర్తు అందదు. సారెలో ఒక డబ్బాను ఎవరి చెయ్యీ పడకుండా అటక మీద దాచినట్టు.

డెడ్ ఎండ్ పేరు ఊరికే పెట్టలేదు. అది లేకపోతే బీజకణాలు నిలవవు, చేప బతుకుతుంది గానీ గొడ్డుపోతుంది, ఆ వంశం అక్కడితో ఆగుతుంది. నార్వేలో 2016లో సాల్మన్ చేపలో ఇదే జన్యువును తీసేసి బీజకణాలు లేని చేపల్ని తయారుచేశారు, పెంపకం నుంచి తప్పించుకున్నా బయట సహజంగా బతికే చేపలతో సంకరం కాకూడదని.

జీబ్రా చేపలో మాత్రం డెడ్ ఎండ్ తన పని తాను చేస్తుంది. అది కాపాడిన కణాలు ఒంట్లో తమ చోటికి నడిచి వెళ్లి స్థిరపడతాయి. మూడు నెలలకు ఆడచేపలో అవి అండాలవుతాయి. అప్పుడు ఆ చేప కూర్చుని, తన గుడ్ల కోసం చీటీలు రాసి సర్దడం మొదలుపెడుతుంది, డైసర్‌తో సహా.