స్కాటిష్ ఫోల్డ్ పిల్లి: మడత చెవి, దాని మూల్యం

1961లో స్కాట్లాండ్‌లోని పెర్త్‌షైర్ ప్రాంతంలో, కూపర్ ఆంగస్ పట్టణానికి సమీపాన ఉన్న ఒక వ్యవసాయ క్షేత్రంలో, విలియం రాస్ అనే గొర్రెల కాపరి దృష్టిని ఒక తెల్ల పిల్లి ఆకర్షించింది. కొట్టాలలో ఎలుకలు పట్టుకొని బతికే సాధారణమైన పిల్లి అది. చెప్పుకోదగిన వంశావళి ఏదీ లేదు. అయితే దాని చెవులు అన్ని పిల్లులవలె నిటారుగా నిలబడక, మధ్యలో మడతపడి ముందుకు వాలి, తలకు టోపీ పెట్టినట్లు అతుక్కొని ఉన్నాయి. దాని పేరు సూసీ. తరువాత అది పెట్టిన పిల్లలలోనూ మడత చెవులవి కనిపించాయి. వాటిలో ఒక తెల్లని ఆడకూనను రాస్ దంపతులు తెచ్చుకొని స్నూక్స్ అని పేరు పెట్టి పెంచారు. నేడు ప్రపంచమంతటా ‘స్కాటిష్ ఫోల్డ్’ పేరుతో పెరుగుతున్న పిల్లుల మూలం ఆ కొట్టంలోని సూసీయే.

చెవులు వాలిన కుందేళ్ళను ఆంగ్లంలో ‘లాప్’ అంటారు. రాస్ దంపతులు మొదట ఆ మాటనే ఈ పిల్లులకు వాడారు. ‘ఫోల్డ్’ అనే పేరు తరువాత స్థిరపడింది. వీటిలో పొడవైన బొచ్చుగల రకాన్ని బ్రిటన్‌లో కొందరు ‘కూపారి’ అని పిలుస్తారు. పుట్టిన ఊరి జ్ఞాపకం ఆ పేరులో మిగిలి ఉంది.

లక్షణాలు

స్నూక్స్ సంతతిని బ్రిటిష్ షార్ట్‌హెయిర్ పిల్లులతోనూ, అమెరికా చేరిన తరువాత అమెరికన్ షార్ట్‌హెయిర్ పిల్లులతోనూ సంకరపరిచారు. ఈ జాతికి గుండ్రని తల, పెద్ద కళ్ళు, పొట్టి మెడ, దట్టమైన మెత్తని బొచ్చు, బలిష్ఠమైన దేహం ఏర్పడటంలో ఆ సంకరానిదే ప్రధాన పాత్ర. మగపిల్లి సాధారణంగా 4 నుంచి 6 కిలోల బరువు తూగుతుంది. ఆడది కొంత తక్కువ. చెవులు తలకు అంటుకుపోవడం వలన ముఖం మరింత గుండ్రంగా, గుడ్లగూబ ముఖంలా కనిపిస్తుంది. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ వంటి ప్రముఖులు పెంచుకోవడంతో వీటి ఆకర్షణ మరింత పెరిగింది.

పుట్టినప్పుడు ఈ జాతి కూనలన్నింటి చెవులూ మామూలుగానే ఉంటాయి. సుమారు మూడు, నాలుగు వారాల వయసులో మడత చెవి జన్యువు ఉన్న కూనల చెవులు ముందుకు వాలడం మొదలవుతుంది. చెవిని నిలబెట్టవలసిన మృదులాస్థికి తగిన గట్టిదనం లేకపోవడమే దీనికి కారణం. ఈ వాక్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. మృదులాస్థి చెవిలో మాత్రమే ఉండే పదార్థం కాదు. ప్రతి కీలులోనూ ఎముకల చివరలను కప్పి ఉంచేది అదే. పెరిగే వయసులో ఎముక పొడవుగా సాగేది కూడా మృదులాస్థి ఫలకాల నుంచే.

చెవి దాటి కీళ్ళలోకి

ఈ లక్షణం అలైంగిక క్రోమోజోముపై ఉన్న ప్రబల జన్యువు ద్వారా సంక్రమిస్తుంది. తల్లిదండ్రులలో ఒకరి నుంచి ఒక్క ప్రతి అందినా చెవి మడతపడుతుంది. మడత చెవి పిల్లిని నిటారు చెవి పిల్లితో కలిపితే సగటున సగం కూనలకు మడత చెవులు వస్తాయి. మడత చెవులవి రెండింటిని కలిపితే సగటున నాలుగింట ఒక కూనకు జన్యువు రెండు ప్రతులూ చేరతాయి. అటువంటి సమయుగ్మజ కూనల స్థితి దయనీయం. కొన్ని నెలల వయసులోనే తోక పొట్టిగా, లావుగా, వంగని కర్రలా తయారవుతుంది. పాదాల ఎముకలు కురుచబడి వంకరపోతాయి. వెనుక కాలి మడమ కీళ్ళ చుట్టూ అదనపు ఎముక పెరిగి, చివరకు కీలు బిగుసుకుపోతుంది.

ఈ కాళ్ళ వైకల్యాలను బ్రిటన్‌లో 1970ల నాటికే పశువైద్యులు గుర్తించారు. ఆ దేశపు ప్రధాన పిల్లుల నమోదు సంస్థ అయిన గవర్నింగ్ కౌన్సిల్ ఆఫ్ ది క్యాట్ ఫ్యాన్సీ ఆ దశాబ్దపు ఆరంభంలోనే ఈ జాతి నమోదును నిలిపివేసింది. పుట్టిన దేశంలో తలుపు మూసుకున్న ఈ పిల్లికి అమెరికాలో తలుపు తెరుచుకుంది. అక్కడి క్యాట్ ఫ్యాన్సియర్స్ అసోసియేషన్ 1978లో దీనికి పోటీ ప్రదర్శనలలో పూర్తి హోదా ఇచ్చింది.

అప్పటి నుంచి పెంపకందారులలో ఒక నమ్మకం పాతుకుపోయింది. రెండు మడత చెవి పిల్లులను కలపడమే ప్రమాదమనీ, నిటారు చెవి పిల్లితో కలిపితే పుట్టిన కూనలు ఆరోగ్యంగా ఉంటాయనీ వారి వాదన. వినడానికి ఇది శాస్త్రీయంగానే తోస్తుంది. కానీ 1999లో ఆస్ట్రేలియా పశువైద్యులు ప్రచురించిన పరిశీలనలు, ఆ తరువాత జపాన్‌లో జరిగిన అధ్యయనం ఈ నమ్మకాన్ని బలహీనపరిచాయి. జన్యువు ఒక్క ప్రతి మాత్రమే ఉన్న విషమయుగ్మజ పిల్లుల ఎక్స్‌రేలలోనూ వ్యాధి ఆనవాళ్ళు కనిపించాయి. తేడా తీవ్రతలోనూ, బయటపడే వయసులోనూ మాత్రమే. కొన్ని చిన్నతనంలోనే కుంటుతాయి. మరికొన్ని నడివయసు దాటేదాకా పెద్దగా బాధ లేకుండా గడుపుతాయి. ఏ కూన ఏ దారిన పోతుందో చెవిని చూసి చెప్పగలిగే ఉపాయం లేదు.

2016లో అసలు జన్యువు దొరికింది. టీఆర్‌పీవీ4 అనే ఆ జన్యువు మృదులాస్థి కణాల పొరపై కాల్షియం అయాన్లను లోపలికి పంపే ద్వారం వంటి ప్రోటీన్‌ను తయారు చేస్తుంది. కీలుపై పడే ఒత్తిడిని కణం గ్రహించి స్పందించడంలో ఈ ద్వారానిది ముఖ్యమైన పాత్ర. మడత చెవి పిల్లులలో ఈ ప్రోటీన్‌లోని 342వ స్థానంలో వాలీన్ బదులు ఫినైల్‌అలనీన్ అనే అమైనో ఆమ్లం చేరుతుంది. మార్పు ఒక్క అమైనో ఆమ్లానిదే. మనుషులలోనూ ఇదే జన్యువులోని ఉత్పరివర్తనలు కొన్ని వంశపారంపర్య అస్థి వైకల్యాలకు కారణమవుతున్నాయి. అంటే చెవికొక జన్యువు, కీళ్ళ వ్యాధికి మరొకటి ఉండి, సంకరంతో మంచిదానిని ఉంచుకొని చెడ్డదానిని వదిలించుకునే అవకాశం ఇక్కడ లేదు. మడత చెవి ఆ వ్యాధి పైకి కనిపించే రూపమే.

పోల్చదగిన ఒక ఉదాహరణ

పశుసంవర్ధక రంగంలో పనిచేసేవారికి హోల్‌స్టీన్ ఆవులలోని బ్లాడ్ అనే వ్యాధి పరిచితమే. తెల్ల రక్తకణాలను నిర్వీర్యం చేసి దూడల ప్రాణం తీసే ఈ లోపం అంతర్గత జన్యువు వలన వస్తుంది. దానిని మోసే ఆబోతు చూపులకు ఆరోగ్యంగా ఉండి, తన వీర్యం ద్వారా లోపాన్ని గుట్టుగా పంచుతుంది. అందుకే మన వీర్య ఉత్పత్తి కేంద్రాలలో ఆబోతులకు జన్యు పరీక్ష అవసరమైంది. దాగిన శత్రువును పట్టుకోవడానికి ప్రయోగశాల కావలసి వచ్చింది.

స్కాటిష్ ఫోల్డ్ సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. ఇక్కడి జన్యువు ప్రబలమైనది. చెవి రూపంలో నెల రోజులకే తనను తాను ప్రకటించుకుంటుంది. ‘స్కాటిష్ స్ట్రెయిట్’ అని పిలిచే నిటారు చెవుల తోబుట్టువులలో సాధారణంగా ఈ జన్యువు ఉండదు. చెవి చాలా స్వల్పంగా మడతపడి అనుమానం కలిగించే కొద్ది సందర్భాలలో జన్యు పరీక్ష ఆ సందేహాన్ని తీరుస్తుంది. మడత చెవి పిల్లులను సంతానోత్పత్తికి వాడకపోతే ఒక్క తరంలో ఈ వ్యాధి అంతరిస్తుంది. నిర్మూలించడానికి ఇంత సులువైన వంశపారంపర్య వ్యాధులు అరుదు. ఇది నేటికీ నిలిచి ఉన్నదంటే, కావాలని నిలుపుకోవడం వలననే. నెదర్లాండ్స్, బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతం, ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం మడత చెవి పిల్లుల పెంపకాన్ని చట్టపరంగా అడ్డుకుంటున్నాయి. మరెన్నో దేశాలలో అటువంటి అడ్డు లేదు. మన నగరాలలోనూ ఈ కూనలు అమ్మకానికి వస్తున్నాయి.

చికిత్సలో గమనించవలసినవి

పిల్లి తన నొప్పిని సులభంగా బయటపెట్టదు. అరవదు, మూలగదు, కదలికను తగ్గించుకుంటుంది. ఈ జాతి వర్ణనలలో తరచుగా కనిపించే ‘నెమ్మదైన, ఒద్దికైన స్వభావం’ అనే ప్రశంసను ఈ కోణంలో ఒకసారి పరిశీలించాలి. వెనుక కాళ్ళు ముందుకు చాచి మనిషిలా కూర్చునే భంగిమను యజమానులు ముచ్చటగా ఫొటోలు తీస్తారు. అది కొన్ని పిల్లులకు అలవాటు మాత్రమే కావచ్చు. మరికొన్నింటిలో నొప్పిగా ఉన్న కీళ్ళపై బరువు తగ్గించుకునే ప్రయత్నం కావచ్చు. అల్మారా పైకి ఎగరడం మానివేసిందా, మెట్ల దగ్గర తటపటాయిస్తున్నదా, గోళ్ళు పెరిగి వంకరపోయాయా, మట్టి తొట్టె అంచు దాటలేక బయట మలవిసర్జన చేస్తున్నదా అని యజమానిని అడిగితే, ‘కుంటుతున్నదా?’ అనే ప్రశ్నకు రాని సమాధానాలు వస్తాయి.

పరీక్షించేటప్పుడు తోకను మొదలు నుంచి కొనవరకు మెల్లగా తడిమి చూడాలి. అది బిగుసుకొని ఉంటే అనుమానించవలసిందే. బలవంతంగా వంచకూడదు, నొప్పి కలుగుతుంది. మడమ కీళ్ళు, ముందరి కాళ్ళ మణికట్లు వాచి ఉన్నాయేమో చూసి, నాలుగు పాదాలకూ ఎక్స్‌రే తీయించాలి. మూల కారణాన్ని సరిచేసే మందు లేదు. నొప్పి, వాపు తగ్గించే మందులను మూత్రపిండాల పనితీరును గమనిస్తూ వాడటం, బరువు పెరగనీయకపోవడం, అంచు తక్కువగా ఉన్న తొట్టె, ఎక్కడానికి చిన్న మెట్లు ఏర్పాటు చేయడం వంటివి జీవితాంతం కొనసాగాలి. చెవి మడతలో మురికి చేరకుండా అప్పుడప్పుడు చూసి శుభ్రం చేయాలి. ఇప్పటికే ఇంట్లో ఉన్న పిల్లికి తగిన వయసులో కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించమని మొదటి టీకాకు వచ్చిన రోజునే చెప్పడం మంచిది. ఒక ఈత చూసిన తరువాత చెబుతామనుకుంటే, ఆ కూనలకు అప్పటికే చెవులు వాలి ఉంటాయి.