పాత వ్యాను - అర్హతపత్రము

విశాఖపట్టణమున నాకు పరిచితుడగు వ్యాను యజమాని యొకడు కలడు. వారమునకు మూడు నాలుగు మారులు అరకులోయనుండి కూరగాయలు దింపుట యతని వృత్తి. బండి 12 ఏండ్లది; ఇంతవరకు తిరిగిన దూరము దాదాపు 5 లక్షల కిలోమీటర్లు. ఒకనాటి తెల్లవారుజామున అనంతగిరి ఘాటు దిగుచుండగా బ్రేకు పెడలు కాలిక్రింద మెత్తబడి నేలకు తగిలెను. బండి ఆగలేదు. గేరు తగ్గించి, బండిని కొండవైపు గట్టునకు ఒరయించి, అతడు ప్రాణము దక్కించుకొనెను. మూడవనాడు నాయొద్దకు వచ్చి, అర్హతపత్రమును బల్లమీద పరచి, "పదునాలుగు దినముల క్రిందటనే గదండీ బండి పాసయినది! మరి యీ కాగితమున కర్థమేమి?" అని యడిగెను.

శ్రోతలారా! ఈ ప్రశ్న అతనియొక్కనిది కాదు. పాత వ్యానులో పిల్లలను బడికి పంపు తల్లిదండ్రులును, పెండ్లి బృందముతో బాడుగ బండి నెక్కువారును అడుగవలసిన ప్రశ్నయే. కావున అతనికి చెప్పిన సమాధానమునే కొంత విపులముగ మీకును చెప్పెదను.

బాడుగకు, సరుకు రవాణాకు తిరుగు బండ్లన్నింటికి అర్హతపత్రము ఉండవలయునని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 56వ సెక్షను శాసించుచున్నది. దీనినే మనవారు ఎఫ్.సి. యందురు. 2018లో సవరింపబడిన నియమము ప్రకారము బండికి 8 ఏండ్లు నిండువరకు రెండేండ్లకొకసారియు, పిమ్మట ఏటేటను పరీక్ష జరుగవలయును. పరీక్షించు అధికారికి చట్టము పెట్టిన పేరు వేరు. జనులు మాత్రము 'బ్రేకు ఇన్‌స్పెక్టరు' అనియే పిలుతురు. ఆ పేరు పెట్టినవారెవరో గాని మర్మ మెరిగిన వారు. దీపములు, హారను, స్టీరింగు, పొగ, అన్నియు చూడవలసినవే; కాని బండి కదలకున్న నష్టము కూలిడబ్బులు, బండి ఆగకున్న నష్టము మనుష్యులు.

ఈ నియమమున ఒక చిక్కు గలదు. చట్టము ఏండ్లను లెక్కించును. ఇనుము కిలోమీటర్లను లెక్కించును. ఊరిలోనే దినమునకు 30 కిలోమీటర్లు తిరుగు వ్యానుకును, ఏడాదికి 40,000 కిలోమీటర్లు, అనగా భూగోళమును ఒకసారి చుట్టివచ్చినంత దూరము, ఘాటుదారిని తిరుగు మన మిత్రుని వ్యానుకును గడువొక్కటే. టైరు సంగతి చూడుడు. క్రొత్త టైరు గాడి లోతు ఇంచుమించు 8 మిల్లీమీటర్లు. అది 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో ఆ టైరుతో నడుపుట నిషిద్ధము. పరీక్షనాడు 2 మిల్లీమీటర్లున్న టైరు న్యాయముగనే నెగ్గును. టైరు 50,000 కిలోమీటర్లు మన్ననిచ్చునని అనుకొన్నను, మిగిలిన ఆ కొద్ది గాడి 3,000 కిలోమీటర్లలో అరిగిపోవును. మన మిత్రునికి అది పట్టుమని నెలరోజుల దారి. పత్రమున మిగిలిన పదునొకండు నెలలు ఆ టైరుకు సాక్ష్యము చెప్పజాలవు. పరీక్షకై మంచి టైర్లు అరువు తెచ్చి, సాయంత్రము మరల విప్పి యిచ్చివేయువారును లేకపోలేదు. వారిని గూర్చి నేను చెప్పునదేమి? వారు మోసగించునది అధికారిని కాదు.

ఇక బ్రేకు. కేంద్రప్రభుత్వము 2021లో యంత్ర పరీక్షాకేంద్రములకు నియమములు ప్రకటించెను. అట్టి కేంద్రమున చక్రములను తిరుగుచున్న ఇనుప రోలర్లపై నిలిపి బ్రేకు తొక్కింతురు. చక్రము రోలరును ఎంత బలముతో ఆపజూచినదో యంత్రము కొలుచును. కుడియెడమల భేదమును చూపును. ఆ బలములనన్నింటిని కూడి, బండి బరువుతో పోల్చి, బ్రేకు సామర్థ్యమును లెక్కించును. కంటిచూపు కంటెను, ఒక చుట్టు నడిపి చూచుట కంటెను ఇది ఎంతయో మేలు. అయినను ఆ బ్రేకు చల్లనిది. తొక్కినది కొన్ని క్షణములు. బండి తరచుగా ఖాళీది. పెక్కు వ్యానులలో వెనుక బరువును బట్టి వెనుక బ్రేకుల బలమును హెచ్చుతగ్గులు చేయు చిన్న కవాట మొకటి యుండును. అది త్రుప్పుపట్టి 'ఖాళీ' స్థానమున బిగిసిపోయినను, ఖాళీబండి పరీక్షలో ఆ లోపము దాగిపోవచ్చును. టన్ను సరుకుతో దిగునప్పుడు వెనుక బ్రేకులు సగము నిద్రలో నుండును.

మన మిత్రుని బండిలో జరిగినది ఇంతకంటె చిత్రమైనది. మరునాడు మెకానికు చూచినప్పుడు పెడలు మునుపటివలె గట్టిగనే యుండెను; ఎచ్చటను కారుట లేదు. దోషము బ్రేకు ఆయిలులో నున్నది. దానిని ఆయిలందుమే కాని అది నూనె కాదు. గాలిలోని తేమను క్రమముగా పీల్చుకొను ద్రవము. క్రొత్తగా నున్నప్పుడు డాట్ 3 రకపు ద్రవము 205 డిగ్రీల సెంటీగ్రేడు వేడివరకు మరుగకూడదని ప్రమాణము. నూటికి మూడు నాలుగు పాళ్లు నీరు చేరినపుడు ఆ హద్దు 140 డిగ్రీలకు దిగును. దీర్ఘమైన దిగుడుదారిలో తొక్కిన బ్రేకు తొక్కినట్లే యుంచినచో చక్రముల వేడి ఆ ద్రవమునకు ఎక్కును. అది మరగి ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కుడుపడదు గనుకనే కాలిబలము చక్రమునకు చేరుచున్నది. ఆవిరి నొక్కుడుపడును. అందుచే పెడలు నేలకంటును, చక్రము తిరుగుచునే యుండును. చల్లబడగానే ఆవిరి మరల ద్రవమగును, సాక్ష్యము మాయమగును. అతని బండిలో ఆ ద్రవమును ఎప్పుడు మార్చిరో ఎవరికిని జ్ఞాపకము లేదు. పరీక్షలో తప్పు చేసినవారు లేరు. చల్లని బ్రేకును పరీక్షించిరి, అది బాగుగనే యున్నది.

సముద్రతీరపు బండ్లకు వేరొక శత్రువు కలదు. చేపలు మోయు వ్యానులో కరగిన మంచు ఉప్పునీరై చట్రముపై కారుచుండును. పరీక్షకు ముందు బండికి రంగు వేయుట మనకు ఆచారము. ఆ నల్లరంగు క్రింద త్రుప్పు ఎంత లోతు తిన్నదో చిన్న సుత్తితో తట్టి చూచినగాని తెలియదు: గట్టి యినుము మ్రోగును, తిన్న యినుము మూగవోవును. ఇది రంగు వేయకముందు చేయవలసిన పని.

బ్రిటనులో ఇట్టి పరీక్ష 1960లో ప్రారంభమయ్యెను. మొదట పదేండ్లు దాటిన బండ్లకే. మరుసటి యేడే దానిని ఏడేండ్లకును, 1967లో మూడేండ్లకును తగ్గించిరి. అచ్చట నాకు మెచ్చదగినదిగా తోచినది వేరొకటి. బండి నెగ్గినను, హద్దునకు చేరువైన భాగములను 'సలహా'లుగ వ్రాసి యిత్తురు. మీటరులోని అంకెను కూడ నమోదు చేయుదురు. బండి నంబరు తెలిసినవారెవరైనను ఆ చరిత్రను ఇంటర్నెట్టులో చూడవచ్చును. ఏటేటి అంకెలను వరుసగా చూచినచో బండి ఎంత తిరిగినదో, ఏ భాగము ఎన్నిమారులు మొరపెట్టినదో తెలియును. పాతబండి కొనువానికి ఇంతకంటె మంచి జాతకము లేదు.

అట్టి జాతకమును మన మిత్రుడు ఇప్పుడు తానే వ్రాసికొనుచున్నాడు. అర్హతపత్రముతోపాటు ఒక చిన్న నోటుపుస్తకము బండిలో నుండును. తేదీకి బదులు మీటరు అంకె ముందు వ్రాయును; దాని కెదురుగా టైరు గాడి, బ్రేకు పలకల మందము, మార్చిన వస్తువు. బ్రేకు ఆయిలు ఏడాదికొకమారు మార్చును. ప్రతి ఉదయము ఇంజను నడుపక మునుపు పెడలును నాలుగైదు మారులు తొక్కి, గట్టిపడిన పిమ్మట అట్లే అదిమి పట్టును. మెల్లగా క్రుంగుచున్నచో లోపల ఎచ్చటనో ద్రవము జారుచున్నదని అర్థము; ఆనాడు బండి కదలదు. క్రుంగక నిలిచినచో, కాలు తీయకయే ఇంజను నడుపును. అప్పుడు పెడలు కొద్దిగా దిగవలయును. అది దోషము కాదు, బూస్టరు పనిచేయుచున్నదనుటకు గుర్తు. ఘాటు మొదలునకు వచ్చినప్పుడు రెండవ గేరులోనికి దించి, బ్రేకును పట్టుచు విడుచుచు దిగును. దారిలో ఒకచోట ఆగి చక్రములు చల్లబడనిచ్చును. దానివలన మార్కెట్టుకు ఇరువది నిమిషములు ఆలస్యమగుచున్నదని అతని ఫిర్యాదు.