పెద్దపేగు పొరకు తిండి ఎక్కడిది?

ఒంట్లో దాదాపు ప్రతి కణానికీ ఆహారాన్ని రక్తమే మోసుకొస్తుంది. పెద్దపేగు లోపలి పొర మాత్రం తనకు కావలసినదాన్ని చాలావరకు పేగులోంచే తీసుకుంటుంది. మనం అరిగించుకోలేని పీచు చిన్నపేగు దాటి కిందికి చేరాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడతాయి. అప్పుడు ముఖ్యంగా మూడు పొట్టి కొవ్వు ఆమ్లాలు పుడతాయి: అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్. వీటిలో సగానికి పైగా అసిటేటే, అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. ప్రొపియోనేట్ ఎక్కువగా కాలేయానికి పోతుంది. బ్యూటిరేట్‌ను మాత్రం పేగు పొర కణాలు అక్కడికక్కడే వాడేసుకుంటాయి.

ఎంతగా వాడుకుంటాయో రోడిగర్ అనే పరిశోధకుడు 1980లో చూపించాడు. మనుషుల పెద్దపేగు నుంచి తీసిన కణాలకు గ్లూకోజ్ అందుబాటులో ఉన్నా అవి బ్యూటిరేట్ వైపే మొగ్గాయి. అవి పీల్చుకునే ఆక్సిజన్‌లో సుమారు 70 శాతం బ్యూటిరేట్‌ను మండించడానికే పోయింది. ఆ ఆక్సిజన్ ఖర్చులోనే ఒక రక్షణ ఉంది. కణాలు దాన్ని వాడేసుకుంటే పేగు లోపలికి లీకయ్యేది చాలా తక్కువ. పీచును పులియబెట్టే బ్యాక్టీరియాలో చాలావాటికి ఆక్సిజన్ పడదు, సాల్మొనెల్లా లాంటి హానికర బ్యాక్టీరియాకు అది కలిసొస్తుంది. ఎలుకల్లో యాంటీబయాటిక్‌లతో బ్యూటిరేట్ తయారుచేసే బ్యాక్టీరియాను తగ్గించినప్పుడు సరిగ్గా అదే జరిగింది: ఆక్సిజన్ పెరిగింది, సాల్మొనెల్లా విజృంభించింది. ఇదికాక, కణానికీ కణానికీ మధ్య ఉండే అతుకులు బిగువుగా ఉండటానికీ, పైన జిగురు పొర ఊరడానికీ బ్యూటిరేట్ తోడ్పడుతుంది. పీచు అందకపోతే కొన్ని బ్యాక్టీరియా ఆ జిగురునే తినడం మొదలుపెడతాయని 2016లో ఎలుకల మీద జరిగిన పరిశోధన చూపించింది.

నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసేది ఆపరేషన్ తర్వాత పేగులో కనిపించే మార్పు. ఏదో జబ్బు వల్ల సర్జన్ పేగును కోసి, మలం పొట్ట మీది సంచిలోకి వచ్చేలా దారి మళ్లిస్తాడు. కింద మిగిలిన పెద్దపేగు ముక్కకు రక్తం మామూలుగానే అందుతుంది, కానీ లోపలికి ఏమీ రాదు. కొన్నాళ్లకు అది ఎర్రబడి, బొడిపెలు కట్టి, కెమెరా గొట్టం తగిలితే చాలు రక్తం కారేలా తయారవుతుంది. 1989లో వెలువడిన పరిశోధనలో హారిగ్ బృందం అలాంటి నలుగురికి ఈ ఆమ్లాల ద్రావణాన్ని రోజుకు రెండుసార్లు ఎనిమాగా ఇచ్చింది. నాలుగు నుంచి ఆరు వారాల్లో వాపు తగ్గింది. ఉత్త ఉప్పునీళ్లతో ఆ గుణం కనిపించలేదు. ఆ తర్వాత జరిగిన పరీక్షలన్నిట్లో ఇంత స్పష్టమైన ఫలితం రాలేదు కాబట్టి దీన్ని ఖాయమైన మందు అనలేం. అయితే దారి మళ్లించిన పేగును తిరిగి కలిపేస్తే ఆ వాపు సాధారణంగా తగ్గిపోతుంది. పొర ఆకలితో ఉందనడానికి నాకు ఇంతకన్నా బలమైన ఆధారం కనిపించదు.

వెల్లూరులో కలరా రోగుల మీద జరిగి 2000లో వెలువడిన పరిశోధన కూడా ఈ కోవలోదే. అక్కడి వైద్యులు ఓఆర్‌ఎస్‌లో చిన్నపేగులో అరగని మొక్కజొన్న పిండిపదార్థం కలిపారు. అది పెద్దపేగులో పులిసి ఈ ఆమ్లాలుగా మారితే, వాటితోపాటు పొర సోడియాన్నీ నీళ్లనూ లోపలికి లాగుతుందని వాళ్ల ఆలోచన. మామూలు ఓఆర్‌ఎస్ తాగినవాళ్లకు విరేచనాలు సగటున 91 గంటలు సాగితే, పిండిపదార్థం కలిపినది తాగినవాళ్లకు 57 గంటల్లో కట్టాయి.

నెయ్యిలో బ్యూటిరిక్ ఆమ్లం (అంటే బ్యూటిరేటే) ఉందని, రోజూ నాలుగు చెంచాలు వేసుకుంటే పేగు బాగుపడుతుందని చెప్పేవాళ్లు ఉన్నారు. ఉన్నమాట నిజమే, కానీ ఆ కొద్దిపాటిదీ పైనే, చిన్నపేగు దాకా వెళ్లేసరికే ఇంకిపోతుంది. పెద్దపేగుకు చేరేది పీచు: కందిపప్పు, శనగలు, జొన్నలు, గోరుచిక్కుడు, ఆకుకూరలు. వండి చల్లారిన అన్నంలో కూడా అరగని పిండిపదార్థం కొంత పెరుగుతుంది, అయితే పప్పుతో పోలిస్తే అది తక్కువే. అలవాటు లేనివాళ్లు ఒక్కసారిగా పెంచితే గ్యాసు పట్టి కడుపు ఉబ్బుతుంది, అందుకే కొన్ని వారాలపాటు కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. పేగు సన్నబడినవాళ్లూ, పేగు పూత ముదిరి ఉన్నవాళ్లూ ముందు డాక్టరును అడగాలి.