మంగు మచ్చలు - లేజర్ చికిత్స

ఎండలో పనిచేయు స్త్రీల చెక్కిళ్లమీద, నుదుటిమీద, పై పెదవిమీద గోధుమ వన్నె మచ్చలు ఏర్పడుట గ్రామములందు తరచు చూచుచున్నాము. వీనినే మంగు అందురు. ఇది అంటువ్యాధి కాదు. దీనివలన ప్రాణభయము లేదు. కాని మంగు వచ్చిన స్త్రీ నలుగురిలోనికి వచ్చుటకు సంకోచించును. అట్టివారు అప్పుచేసియైనను లేజర్ చికిత్సకు పట్టణమునకు పోవుట కలదు. కావున ఆ చికిత్స స్వరూపమును పంచాయతీ సభ్యులకు వివరింప దలచితిమి.

చర్మమునందు రంగును తయారుచేయు కణములు గలవు. ఎండ తగిలినపుడు అవి ఎక్కువ రంగును పుట్టించి లోపలి చర్మమును కాపాడును. ఎండవలనను, గర్భధారణవలనను, కొందరిలో సంతాన నిరోధక మాత్రలవలనను, వంశ లక్షణమువలనను ఈ కణములు కొన్ని తావులలో అతిగా పనిచేయును. అదియే మంగు. గర్భిణులకు వచ్చినది ప్రసవానంతరము కొందరిలో దానంతట అదియే తగ్గును.

లేజర్ అనునది ఒకే వన్నెగల తీక్ష్ణమైన కాంతి. 1960లో అమెరికాలో థియోడర్ మైమన్ దీనిని మొదట సాధించెను. తగిన కాంతిని అత్యల్పకాలము ప్రసరింపజేసినచో చుట్టునున్న చర్మము చెడకుండ రంగు రేణువులు మాత్రమే పగులునని 1983లో ఆండర్సన్, పారిష్ అను వైద్యులు వివరించిరి. పచ్చబొట్టును చెరుపుటకు ఈ పద్ధతి బాగుగా ఉపయోగపడుచున్నది. ఏలయన, సూదితో ఎక్కించిన రంగు మరల పుట్టదు.

మంగు అట్లు కాదు. రేణువులు పగిలినను వానిని పుట్టించు కణములు నిలిచియే యుండును. ఎండ తగిలినచో మచ్చ మరల వచ్చును. పైగా మనవంటి చామనచాయవారికి లేజర్ వేడిమివలన మచ్చ మరింత నల్లబడుటయు, తెల్లని చుక్కలు ఏర్పడుటయు కలదు. అందుచే చర్మవైద్యులు దీనిని మొదటి చికిత్సగా ఎంచరు. ఇతర మందులు ఫలింపనపుడు మాత్రమే జాగ్రత్తతో వాడుదురు.

మొదట చేయవలసినది ఎండనుండి ముఖమును కాపాడుకొనుట. గొడుగు, తలపై కొంగు, ఎండను ఆపు లేపనము ఇందుకు సాధనములు. వైద్యుడు వ్రాసిన మందును కొన్ని నెలలు ఓపికతో వాడవలెను.

ముఖమును తెల్లబరచునని అమ్ము కొన్ని లేపనములలో స్టెరాయిడ్ మందు ఉండును. మొదట ముఖము తేటపడినట్లు తోచును. పిమ్మట చర్మము పలుచనై, ఎఱ్ఱబడి, మొటిమలు లేచును. 2018లో కేంద్ర ప్రభుత్వము 14 స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిర్ణయించెను.

ఇంకొక హెచ్చరిక. పాలిపోయిన లేక ఎఱ్ఱని మచ్చపై స్పర్శ తెలియనిచో అది మంగు కాదు, కుష్ఠు కావచ్చును. అట్టివారిని వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. అందులకు మందు ఉచితము. సకాలమున వాడినచో పూర్తిగా నయమగును.

ఈ విషయములను సభ్యులు గ్రామసభలో చెప్పుదురుగాక. మచ్చకు వెరచి ఏ ఇల్లాలును అప్పులపాలు కాకుండ చూచుట మనందరి బాధ్యత.